నేత్రోన్మీలన తూలిక – నారా మహాబుద్ధుని చరిత్ర



విగ్రహప్రతిష్ఠలో నేత్రోన్మీలనము ఎంతటి ముఖ్యఘట్టమో మీకు విదితమే. ఇటువంటి విధి జపాను దేశమునందును కలదు. అచ్చటి నారా నగరములో, తోదాయ్‌జీ ఆలయమున వెలసిన మహావిగ్రహమునకు తొలుత కన్నులు తెరచినవాడు ఒక భారతీయుడు.

క్రీ.శ. 735-737 నడుమ మశూచి జపానును పీడించి అసంఖ్యాకులను బలిగొన్నది. షోము చక్రవర్తి ప్రజాక్షేమము కోరి, వైరోచన బుద్ధుని మహామూర్తిని పోతపోయింప 743లో శాసనము వెలువరించెను. నిరుపేద గడ్డిపరకయో పిడికెడు మన్నో తెచ్చినను స్వీకరింపవలెనని అందులో ఆజ్ఞాపించెను. సర్వసంపదలు గల చక్రవర్తి అట్లు కోరుటలోని అంతరార్థమును మీరు గ్రహింతురు గాక.

బౌద్ధశిల్పకళ చైనా, కొరియాల మీదుగా జపానును చేరినది. ఈ పనికి నాయకుడైన కునినాకా నో కిమిమారో కొరియానుండి వలసవచ్చిన కుటుంబమువాడు. సుమారు 15 మీటర్ల ఎత్తుగల కంచుమూర్తిని అంచెలంచెలుగా పోతపోసిరి. 752లో నేత్రోన్మీలనము జరిగినది. 736లో చైనా మీదుగా వచ్చిన బోధిసేనుడను భిక్షువు తూలిక పట్టి కనుపాపలు దిద్దెను. తూలికకు కట్టిన పొడవైన త్రాళ్లను సభాసదులు చేతబట్టి ఆ పుణ్యకార్యమున పాలుపంచుకొనిరి.

1180లో ఆలయము యుద్ధాగ్నికి ఆహుతియైనది. అరువదియేండ్ల చోగెన్ భిక్షువు జీర్ణోద్ధరణభారము వహించి, ఊరూర తిరిగి విరాళములు సేకరించెను. చైనానుండి వచ్చిన లోహశిల్పి చెన్ హెచింగ్ మూర్తిని చక్కదిద్దెను. 1185లో, సింహాసనము విడిచిన గోషిరకావా చక్రవర్తి బోధిసేనుడు పట్టిన ఆ తూలికతోనే కన్నులు దిద్దెను. నడుమ 433 సంవత్సరములు గడచినవి! ఆ తూలిక నేటికిని షోసోయిన్ భాండాగారమున భద్రముగా నున్నది.

1567లో మరల యుద్ధము. ఆలయము దగ్ధమై, మూర్తి శిరస్సు నేలరాలినది. తరువాత మూర్తి చిరకాలము ఎండవానలకు ఓర్చినది. కోకెయి భిక్షువు పూనికతో 1692లో మరల నేత్రోన్మీలనమును, 1709లో నేటి మందిరమును సిద్ధించినవి. ధనాభావముచే పూర్వపు 11 అంకణముల మందిరము 7 అంకణములకు తగ్గినది.

నేడు దర్శించు శిరస్సు 17వ శతాబ్దిది. పద్మపీఠపు రేకులలో కొన్ని 8వ శతాబ్దివి. పాతది మిగిలినంతవరకు విడువలేదు, పోయినదానికై పని మానలేదు.

మన జీర్ణోద్ధరణలలో శాసనశిలలపై రంగులు పూయుట, పాత ద్వారబంధములను పారవేయుట నేను కన్నులారా చూచితిని. కావున నాదొక విన్నపము. క్రొత్త గోపురమునకు ఇచ్చినంత శ్రద్ధతో పాత దీపస్తంభమును, పాత శాసనమును కాపాడుడు. రాబోవు తరమువారు కుంభాభిషేకము చేయునాడు వారి చేతికి అందవలసిన తూలిక అదియే.

శుభం భూయాత్.