ఎక్స్‌ప్లెయినర్: సైకిల్‌పై ఆఫీసుకు వెళ్తున్నారా? పెద్ద జంక్షన్ దాటేటప్పుడు ప్రమాదం ఎక్కడుంది, ఎవరిని అడగాలి?

ఒక జంక్షన్ వెడల్పు 40 మీటర్లు అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైక్ దాన్ని నాలుగు సెకన్లలోపే దాటేస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్‌కు దాదాపు 10 సెకన్లు కావాలి. సిగ్నల్‌లో పసుపు లైటు వెలిగేది సాధారణంగా 3 సెకన్లే.

అంటే గ్రీన్ చివరి సెకనులో జంక్షన్‌లోకి దిగిన సైక్లిస్టు, అటువైపు వాహనాలకు గ్రీన్ పడే సమయానికి ఇంకా నడిమధ్యలోనే ఉంటారు. ఆయన రూల్ తప్పలేదు. అటునుంచి వచ్చే కారు డ్రైవరూ తప్పలేదు. సిగ్నల్ సమయాన్ని మోటారు వాహనాల వేగాన్ని బట్టి పెట్టారు, అంతే.

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినట్లు కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో సైకిల్‌పై వెళ్తున్నవారు దాదాపు 3 శాతం. నగరాల్లో సైకిల్ అనగానే హెల్మెట్, జెర్సీ వేసుకున్న ఆదివారం రైడర్లు గుర్తొస్తారు కానీ, రోజూ జంక్షన్లు దాటేవారిలో వాచ్‌మన్లు, పేపర్ వేసే కుర్రాళ్లు, మేస్త్రీ పనివారు, స్కూలు పిల్లలూ ఉంటారు. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో ప్రారంభమైంది. ఉదయం రైడ్‌కు అది బాగుంటుంది. అమీర్‌పేటలో డ్యూటీకి వెళ్లే మనిషికి మాత్రం చౌరస్తాలు తప్పవు.

‘పాత గ్రీన్’ను నమ్మొద్దు

కౌంట్‌డౌన్ టైమర్ ఉన్నచోట లెక్క సులువు. పెద్ద జంక్షన్‌లో అంకె 10 కంటే కిందికి వచ్చిందంటే ఆగిపోవడమే మంచిది. వెనక నుంచి హారన్లు మోగుతాయి. మోగనివ్వండి. అయితే ఒక్కసారిగా బ్రేక్ వేయకుండా, ఎడమవైపుకు జరుగుతూ వేగం తగ్గించాలి.

టైమర్ లేకపోతే మరో గుర్తు ఉంది. దూరం నుంచి చూసినప్పటికే గ్రీన్ వెలుగుతూ ఉంటే అది ‘పాత గ్రీన్’. అది ఎప్పుడు మొదలైందో మీకు తెలియదు కాబట్టి, ఏ క్షణమైనా మారుతుందన్నట్లే వెళ్లాలి. మీ కళ్ల ముందు ఎరుపు నుంచి మారిన గ్రీన్ అయితే సమయం చేతిలో ఉన్నట్టే. అప్పుడు కూడా మొదటి రెండు సెకన్లు కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చూశాకే పెడల్ తొక్కండి. అటువైపు సిగ్నల్ దూకి వచ్చే ఆఖరి బండి ఒకటి దాదాపు ప్రతిసారీ ఉంటుంది.

అసలు చిక్కు ఫ్రీ లెఫ్ట్‌తో

మన దగ్గర సైకిల్ రోడ్డుకు ఎడమ అంచున వెళ్తుంది. నేరుగా వెళ్లాల్సిన సైక్లిస్టు అదే అంచు పట్టుకుని జంక్షన్ దాకా వస్తే, ఎడమకు తిరిగే వాహనాల దారికి సరిగ్గా అడ్డంగా ఉంటారు. ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట ఆ వాహనాలు ఆగవు, వేగమూ తగ్గించవు. పైగా ఆ డ్రైవర్ చూపు కుడివైపు నుంచి వచ్చే ట్రాఫిక్ మీద ఉంటుంది. తన ఎడమ పక్కన సైకిల్ ఉందన్న సంగతే ఆయనకు తట్టదు.

దీనికి పరిష్కారం జంక్షన్‌కు 30, 40 మీటర్ల ముందే మొదలవ్వాలి. కుడి భుజం మీదుగా వెనక్కి చూసి, చెయ్యి చాచి, ఖాళీ దొరికినప్పుడు ఎడమకు తిరిగే వరుసకు కుడివైపుకు, అంటే నేరుగా వెళ్లే లేన్ ఎడమ అంచుకు చేరుకోవాలి. అప్పుడు ఎడమకు తిరిగే వాహనాలు మీ వెనక నుంచో, మీ ఎడమ పక్క నుంచో వెళ్లిపోతాయి. జంక్షన్ మొదట్లోకి వచ్చాక హఠాత్తుగా కుడికి జరగడం మాత్రం అంచున ఉండటం కంటే ప్రమాదం.

ట్రాఫిక్ ఎక్కువై ఆ ఖాళీ దొరకలేదనుకోండి. దిగి, సైకిల్ నడిపించుకుంటూ జీబ్రా క్రాసింగ్ మీదుగా దాటండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఫ్లైఓవర్ మొదలయ్యే చోట కూడా ఇదే సమస్య వస్తుంది, కొంచెం రూపం మారుతుంది. విజయవాడ బెంజ్ సర్కిల్‌నే చూడండి. హైవే ట్రాఫిక్ పైనుంచి వెళ్తుంది. కింద బందరు రోడ్డు, సర్వీసు రోడ్లు కలుస్తాయి. ఇలాంటి చోట్ల పైకెక్కాలా, కిందికి దిగాలా అని చివరి నిమిషంలో నిర్ణయించుకుని అడ్డంగా కోసే వాహనాలుంటాయి. కింద స్తంభాల చాటున ఒకరికొకరు కనిపించరు కూడా. ర్యాంపు చీలేచోట వేగం తగ్గించి వెనక్కి చూడటం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

బస్సు, టిప్పర్, ట్యాంకర్ పక్కన

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బస్సుకు ఎడమవైపు సందులోంచి ముందుకు దూరడం మనవాళ్లందరికీ అలవాటే. సైకిల్‌కు అది చాలా చెడ్డ చోటు. పెద్ద వాహనం ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెళ్లిన గీత మీద వెనక చక్రాలు వెళ్లవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. మీకూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఉన్న జాగా అలా కుంచించుకుపోతుంది. బస్సు అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపించడం లేదంటే, ఆయనకూ మీరు కనిపించడం లేదు. వెనకే ఆగండి.

జంక్షన్ దాటగానే బస్టాప్ ఉంటే, మిమ్మల్ని దాటిన బస్సు వెంటనే ఎడమకు వస్తుందని ముందే అనుకోవాలి.

కుడికి తిరగాలంటే?

మూడు లేన్లు దాటి కుడి అంచుకు చేరి, బైకుల మధ్య నిలబడి తిరగడం చిన్న వీధుల కూడలిలో సరేగానీ పెద్ద రోడ్డు మీద పనికిరాదు. రెండు దఫాల్లో తిరగండి. మొదట గ్రీన్‌లో నేరుగా అవతలి మూలకు వెళ్లి, జీబ్రా గీతకు కాస్త పక్కగా ఆగాలి. అక్కడ సైకిల్‌ను కుడివైపుకు తిప్పుకుని, ఆ దిక్కు గ్రీన్ పడ్డాక వెళ్లాలి. ఒక సిగ్నల్ సమయం అదనంగా పడుతుంది.

సిగ్నల్ మూసేసి యూటర్న్ పెట్టినచోట్ల సైకిల్‌కు మరీ ఇబ్బంది. దూరం పెరుగుతుంది, పైగా వేగంగా వచ్చే కుడి లేన్‌లో కలవాలి. దగ్గర్లో జీబ్రా క్రాసింగ్ ఉంటే అక్కడ నడిచి దాటడమే మేలు.

చీకటి పడ్డాక వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు ఉండాలి. కొత్త సైకిళ్లకు రిఫ్లెక్టర్లు ఉండాలని కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. పాత సైకిల్‌కైతే మీరే బిగించుకోవాలి.

కాగితం మీద లేని ప్రమాదం

సైక్లిస్టు ఎంత జాగ్రత్తగా ఉన్నా, రోడ్డు డిజైన్‌ను ఆయన మార్చలేరు. అది అధికారుల పని. వారి లెక్క ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

జాతీయ రహదారుల విషయంలో, సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలతో 5 ప్రమాదాలు జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని ‘బ్లాక్ స్పాట్’గా గుర్తిస్తారు. ఇదంతా పోలీసు రికార్డుల ఆధారంగానే. సైకిల్ మీంచి పడి చెయ్యి విరిగిన మనిషి ‘కేసు ఎందుకులే’ అని కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్లిపోతే, రికార్డులో ఆ జంక్షన్ భద్రంగానే ఉంటుంది. అందుకే గాయమైతే ఫిర్యాదు నమోదు చేయించండి.

ప్రమాదం జరగకముందే అడగాలంటే ట్రాఫిక్ పోలీస్ స్టేషన్, మున్సిపల్ కార్పొరేషన్‌లకు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రహదారి భద్రత కమిటీకి ఒక కాపీ పంపాలి. ‘జంక్షన్ ప్రమాదకరంగా ఉంది’ అని రాస్తే ఫైల్ కదలదు. ఏ వైపు ఫ్రీ లెఫ్ట్ దగ్గర జీబ్రా గీతలు చెరిగిపోయాయి, అన్ని వైపులా ఎరుపు ఉండే విరామం ఎన్ని సెకన్లు పెంచాలి, మూల మీద ఏ పార్కింగ్ చూపుకు అడ్డొస్తోంది అన్నవి ఫొటోలతో రాయాలి. ఆ జంక్షన్‌కు రోడ్ సేఫ్టీ ఆడిట్ జరిగిందా అని రూ.10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

సైకిళ్ల వంటి మోటారు లేని వాహనాలపై రాష్ట్రాలు నిబంధనలు చేసుకునే అధికారం 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోని 138(1ఎ) సెక్షన్ ద్వారా వచ్చింది. వినతిపత్రంలో ఆ సెక్షన్ పేర్కొంటే మంచిది.

ఢీకొడితే

108 లేదా 112కు ఫోన్ చేయండి. వాహనం నంబర్ ఫొటో తీయమని పక్కవారిని అడగండి. సాయం చేసినవారిని ఇబ్బంది పెట్టకుండా చట్టంలో 134ఎ సెక్షన్ రక్షణ ఉంది. మోటారు వాహనం వల్ల గాయపడితే, నిర్దేశిత ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది.

సైకిల్‌కు బీమా లేకపోయినా నష్టపరిహారం అడగవచ్చు. ఢీకొట్టిన వాహనానికి ఉండాల్సిన థర్డ్ పార్టీ బీమా నుంచే అది వస్తుంది. మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో 6 నెలల్లోపు దరఖాస్తు చేయాలని చట్టం చెబుతోంది. వాహనం ఆచూకీ దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి రూ.50 వేలు, మరణిస్తే కుటుంబానికి రూ.2 లక్షలు ఇస్తారు. దీనికి కూడా పోలీసు రికార్డు కావాలి.