నిర్ధన ముద్దాయికి న్యాయవాది: 1951 తీర్పు, తదనంతర పరిణామం

1949 ఆగస్టులో హైదరాబాదు మిలిటరీ గవర్నరు నెలకొల్పిన ప్రత్యేక ట్రిబ్యునల్, తెలంగాణ సాయుధ పోరాటానికి సంబంధించిన హత్యాభియోగాలలో పలువురికి మరణశిక్ష విధించింది. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను ఖాయపరచింది. విచారణలో తమకు వకీలు లేడన్నది ముద్దాయిలలో కొందరి ముఖ్యమైన ఆక్షేపణ. (తెలుగున 'ముద్దాయి' నేరారోపణకు గురైనవాడు, ఉర్దూలో 'ముద్దయీ' ఫిర్యాది. ఒకే మాట రెండు భాషలలో కోర్టు బోనుకు చెరొక వైపున నిలిచింది.)

ఈ ఆక్షేపణ 'జనార్దనరెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్' వ్యాజ్యంగా సుప్రీంకోర్టుకు చేరింది. ట్రిబ్యునల్ ముందు న్యాయవాది లేనివారి పక్షాన ఇక్కడ బ్రిటన్‌కు చెందిన సుప్రసిద్ధ బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వాదించాడు. 1951 మార్చిలో వెలువడిన తీర్పులో న్యాయమూర్తి ఫజల్ అలీ, న్యాయవాదిని నియమించేందుకు ట్రిబ్యునల్ తానుగా పూనుకోకపోవడం విచారకరమన్నాడు. అయినా న్యాయవాది లేని ప్రతి మరణశిక్ష విచారణా చెల్లదనే సూత్రం లేదని పిటిషన్లు కొట్టివేయబడ్డాయి. ఆ మరణశిక్షలు తరువాత యావజ్జీవ శిక్షలుగా మారాయి. కనుక ఆ ప్రాణాలను నిలిపింది న్యాయవాది హక్కు కాదు.

నాటి న్యాయదృష్టికి మూలం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. దాని 340వ సెక్షను ముద్దాయికి ప్లీడరు ద్వారా వాదించుకొనే హక్కు ఇచ్చింది గాని, ఆ ప్లీడరు ఫీజు ఎవరు చెల్లించాలో చెప్పలేదు. డబ్బున్నవానికి అది హక్కు. లేనివానికి కాగితం మీది మాట. మరణశిక్ష పడదగిన కేసులలో సర్కారు ఖర్చుతో ప్లీడరును నియమించే ఆచారం మద్రాసు రాష్ట్రం వంటి చోట్ల ఉండేది. అయితే అది కోర్టు దయాధర్మంగానే సాగింది.

1973 కోడ్‌లోని 304వ సెక్షను ఆ దయను విధిగా మార్చింది. సెషన్సు విచారణలో స్తోమత లేని ముద్దాయికి రాష్ట్రం ఖర్చుతో న్యాయవాదిని నియమించి తీరాలి. ఫీజు నియమాలను హైకోర్టు రూపొందించాలి. కాని వాటికి రాష్ట్ర ప్రభుత్వపు ముందస్తు ఆమోదం కావాలి. హక్కును ప్రకటించింది పార్లమెంటు, సంచి మూతి రాష్ట్రం చేతిలో. తరువాతి వివాదాలు అనేకం ఈ ఏర్పాటు నుండే పుట్టాయి. 1978లో హోస్కోట్ కేసులో న్యాయమూర్తి కృష్ణయ్యర్, నియమిత న్యాయవాదికి కోర్టు న్యాయసమ్మతంగా నిర్ణయించిన మొత్తాన్ని రాష్ట్రమే చెల్లించాలన్నాడు. 1980లో భాగల్పూరు అంధీకరణ కేసులో ఆర్థిక ఇబ్బందులు సాకు కాజాలవని సుప్రీంకోర్టు బీహారు ప్రభుత్వానికి తేల్చిచెప్పింది.

1951తో నేరుగా పోల్చదగినది 1986 నాటి సుక్ దాస్ తీర్పు. ముద్దాయి న్యాయవాదిని కోరలేదన్న కారణంతో శిక్ష నిలవదని, అతనికి ఆ హక్కు ఉందని తెలియజేయవలసిన బాధ్యత కోర్టుదేనని చెప్పి శిక్షను రద్దు చేశారు. జనార్దనరెడ్డి కేసునాడు విచారకరమనిపించిన లోపమే ఇక్కడ శిక్షను కూల్చింది. 35 సంవత్సరాలలో వచ్చిన మార్పు ఇది.

నియామకం జరిగినంత మాత్రాన రక్షణ దొరకదు. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013 ఫిబ్రవరి 19న న్యాయవాదిని నియమించి, అదే రోజు అభియోగాలు మోపి, మార్చి 4న దోషిగా తేల్చిన మరణశిక్ష కేసును సుప్రీంకోర్టు 2019లో తిరిగి విచారణకు పంపింది. ఇటువంటి కేసులలో న్యాయవాదికి కనీసం 10 సంవత్సరాల అనుభవం, సిద్ధపడడానికి కనీసం 7 రోజుల గడువు ఉండాలని నిర్దేశించింది. అనుభవజ్ఞులు ఈ పనికి రావాలంటే ప్రతిఫలం తగినంత ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు. 2022లో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ, కేసుకింత అనే పద్ధతి బదులు పూర్తికాలపు న్యాయవాదులను నెలసరి చెల్లింపుపై నియమించింది.

2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 341వ సెక్షను ఈ హక్కును సెషన్సు కోర్టు పరిధి దాటించి, అప్పీళ్లకు కూడా విస్తరింపజేసింది. ఫీజు నియమాలకు రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు ఆమోదం కావాలన్న షరతు మాత్రం మారలేదు.