ఉల్లికోడును ఎదిరించిన ఓరుగల్లు వరి

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు, కాకతీయుల గురించి వ్రాయడానికి నాకంటె యోగ్యులు మన సంఘంలోనే ఉన్నారని మనవి చేశాను. నేను వ్యవసాయ శాఖలో ముప్పై ఏడేండ్లు పొలం గట్ల మీద తిరిగినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర వరి చరిత్ర. అందులోనూ మన వరంగల్ పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలకు ఎక్కిన కథ ఒకటి ఉంది. అది మన ఊళ్ళోనే చాలామందికి తెలియదు.

1971లో ఉద్యోగంలో చేరిన తొలి వానాకాలంలోనే ఒక పెద్ద రైతు నన్ను చెయ్యి పట్టుకొని మడిలోకి దింపాడు. పిలకలు వెన్ను తీయకుండా, వెండి రంగులో సన్నటి గొట్టాలై నిలబడ్డాయి. అచ్చం ఉల్లికాడలే. "సారూ, మేం నాటింది వరా, ఉల్లిగడ్డా?" అన్నాడాయన. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దాని పేరే ఉల్లికోడు. దోమ వంటి చిన్న ఈగ ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు కాండంలోకి జారి, పిలక పెరిగే మొన దగ్గర చేరి తింటుంది. ఇక ఆ పిలక గొట్టంగా మారుతుందే గాని గింజనివ్వదు. మబ్బు పట్టిన వానాకాలం, ఆలస్యంగా వేసిన నాట్లు దానికి పండుగ.

1960లలో తైచుంగ్ నేటివ్-1, ఐ.ఆర్.8 వంటి పొట్టి వంగడాలు వచ్చాయి. దిగుబడి పెరిగింది, కానీ ఉల్లికోడుకు అవి బొత్తిగా ఆగలేదు. మన వరంగల్ పరిశోధనా కేంద్రం వారు పాత దేశవాళీ వరులను వెదికారు. ఈశ్వరకోర అనే రకంలో పురుగు బ్రతకలేకపోతున్నదని తేలింది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో పుట్టిన ఎం.టి.యు.15తో దానిని సంకరపరచి తీసినదే డబ్ల్యు.1263. ఆ 'డబ్ల్యు' అంటే వరంగలే. ఫిలిప్పీన్స్ నుండి శ్రీలంక వరకు ఉల్లికోడు మీద పనిచేసే శాస్త్రజ్ఞులందరికీ ఆ సంఖ్య కంఠస్థం. మనకు మాత్రం ములుగు రోడ్డులో ఆ కేంద్రం ప్రహరీ గోడ పక్కనుంచి బస్సులో వెళ్ళడమే తెలుసు.

థాయిలాండుకు చెందిన సయాం 29 అనే మరొక వరిలోనూ నిరోధకశక్తి కనిపించింది. దానిని ఐ.ఆర్.8తో కలిపి తీసినవే సురేఖ, ఫల్గుణ. ఆ తరువాత మన కేంద్రం నుంచి కాకతీయ, పోతన, ఓరుగల్లు, వరంగల్ సన్నాలు వంటివి వరుసగా వచ్చాయి. పేర్లు పెట్టిన వారెవరో గాని అభిరుచి గలవారు. హలం పట్టిన బమ్మెర కవి పేరు వరి వంగడానికి పెట్టడంకంటె ఔచిత్యం ఏముంటుంది!

అసలు విషయానికి వస్తాను. మడిలో నిలబడి చూస్తే డబ్ల్యు.1263, ఫల్గుణ రెండూ ఒకే పని చేస్తాయి: గొట్టం రానివ్వవు. కానీ పిలకను చీల్చి చూసినవారికి వేరే సంగతి కనబడింది. ఫల్గుణలో పురుగు చేరిన చోట కణజాలం గోధుమరంగుకు మాడిపోతుంది. మొక్క తన కొంత భాగాన్ని తానే చంపుకొని పురుగును ఆకలికి మాడుస్తుంది. డబ్ల్యు.1263లో ఆ మాడుడు లేదు, అయినా పురుగు చస్తుంది. అంటే రెండింటిలోనూ ఉన్నవి వేరువేరు జన్యువులన్నమాట. మొదటిదానికి జి.ఎం.1 అని, ఫల్గుణలోని దానికి జి.ఎం.2 అని పేర్లు పెట్టారు. అవి ఎక్కడున్నాయో మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియదు. ఒక వంగడంలో ఏ జన్యువు ఉందో తెలుసుకోవాలంటే పురుగు బాగా పడే చోట నాటి, సీజనంతా కాచుకొని, గొట్టాలు లెక్కపెట్టవలసిందే. ఆ ఏడు పురుగు రాలేదా, శ్రమంతా వృథా.

1994లో ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగు కేంద్రం శాస్త్రజ్ఞులు జి.ఎం.2 వరి నాలుగవ క్రోమోజోము మీద ఉన్నదని గుర్తించారు. పదేండ్లకు జి.ఎం.1 తొమ్మిదవ దానిమీద దొరికింది. ఈలోగా ఇంకా పెద్ద పని నడుస్తున్నది.

మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, జీనోము అంటే మొక్క సర్వీసు రిజిస్టరు. వరికి అది 12 సంపుటాలు. వ్రాసింది నాలుగే నాలుగు అక్షరాలతో. మొత్తం సుమారు 38 కోట్ల 90 లక్షల అక్షరాలు. దానిని మొదటినుంచి చివరిదాకా చదవడానికి జపాను నాయకత్వంలో పది దేశాలు పని పంచుకున్నాయి. పదకొండవ సంపుటంలో కొంత భాగం మన దేశం వాటాకు వచ్చింది. ఢిల్లీలోని రెండు సంస్థలు దానిని పూర్తి చేశాయి. 2005 ఆగస్టులో ఫలితం అచ్చయింది.

అయితే అందులో ఒక తిరకాసు ఉంది. వారు చదివింది నిప్పన్‌బారే అనే జపాను వరిని. మనం తినేది వేరే శాఖ. ఒక్క ఉద్యోగి రిజిస్టరు చదివి ఆఫీసంతా తెలుసుకున్నామనుకుంటే ఎలా? ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ అనే పాత వరి రెండు వారాలు నీట మునిగినా చావదు. దానికి కారణమైన జన్యువును 2006లో గుర్తిస్తే, నిప్పన్‌బారేలో ఆ జన్యువు అసలు లేనేలేదు! అక్షరం తేడా కాదు, పుటే లేదు. ఆ పుటను మారుటేరు స్వర్ణలో చేర్చి 2009లో ముంపును తట్టుకునే స్వర్ణను విడుదల చేశారు. ఒక్క వరిని చదివితే చాలదని అందరికీ తెలిసివచ్చింది. 2018 నాటికి 89 దేశాల నుంచి తెచ్చిన 3,010 వరుల జీనోములను పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. ఏదో ఒక వరిలో అక్షరం మారిన చోట్లు 2 కోట్ల 90 లక్షల దాకా లెక్కతేలాయి.

ఇంత లెక్క మనకెందుకు అని ఎవరైనా అడిగితే నా సొంత అవమానం ఒకటి చెప్పుకోవలసి ఉంటుంది. రిటైరవడానికి నాలుగైదేండ్ల ముందు, కోడు రాదని నమ్మబలికి ఒక వంగడం వేయించాను. ఆ మడిలోనే గొట్టాలు లేచాయి. తొలి ఏడు నన్ను మడిలోకి దింపిన ఆ పెద్దాయనదే పొలం. "విత్తనం కల్తీది సారూ" అన్నాడు. విత్తనం అమ్మినతను, నారు ఆలస్యంగా పోశారన్నాడు. నేను ఇద్దరి మధ్యా నిలబడి నేల చూపులు చూశాను. నాలుగు ఎకరాలు పశువుల మేతకే పోయింది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు గాని, ఆ తరువాత నన్ను చాయ్ తాగమని అనలేదు.

తప్పు విత్తనంది కాదు, రైతుది కాదు. మారింది పురుగు. మొక్కలోని జన్యువు పురుగు ఆనవాలును పసిగట్టి తిరగబడుతుంది. ఆ ఆనవాలు మారిన పురుగు దొంగచాటుగా బ్రతికిపోతుంది. నాలుగైదు సీజన్లు ఒకే జన్యువున్న వరి వేస్తే దాని సంతతే మిగులుతుంది. దేశంలో ఇటువంటి పురుగు తెగలు ఏడింటిని గుర్తించారు. 1980లలో శ్రీకాకుళం వైపు వచ్చిన నాలుగవ తెగకు జి.ఎం.1, జి.ఎం.2 రెండూ ఆనలేదు. మన వరంగల్‌లో ఉన్నదానికి '4ఎం' అని పేరు; అన్నిటిలోకీ మొండిది. వరంగల్ పేరు పెట్టుకున్న డబ్ల్యు.1263 వరంగల్ పురుగు ముందే ఓడిపోయిందన్నమాట.

దానికి ఆగేది జి.ఎం.3 అనే మరొక జన్యువు. హైదరాబాదు రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థవారు 2014లో ఆ జన్యువు ఫలానాదని జీనోము సాయంతో చూపారు. ఇప్పుడు సీజనంతా కాచుకోనక్కరలేదు. నారుమడిలోనే ఆకు ముక్క తుంచి, ఏ మొక్కలో ఏ జన్యువుందో పరీక్షించవచ్చు. రెండు మూడు జన్యువులు ఒకే వంగడంలో చేర్చితే, పురుగు అన్నిటినీ ఒకేసారి తప్పించుకోవడం కష్టం. ఆ జన్యువులు ఎక్కడినుంచి రావాలి అంటే మళ్ళీ పాత వరుల నుంచే. దిగుబడి లేదని మనమే మానిపించిన వరులవి. ఆ మానిపించినవారిలో నేనూ ఉన్నాను.

గత సంక్రాంతికి ఆ ఊరు వెళ్ళాను. పెద్దాయన లేడు. కొడుకు అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆ ఏడు జరిగింది విత్తనం కల్తీ కాదని, పురుగు మారిందని, ఈ కథంతా చెప్పాను. ఓపికగా విని, లోపలికి కేకవేసి చాయ్ తెప్పించాడు. తరువాత అడిగాడు: "అయితే వచ్చే వానాకాలం ఏం నాటుమంటవు సారూ?"

ములుగు రోడ్డు కేంద్రానికి పోయి, వంగడం పేరు కాదు, అది 4ఎం పురుగుకు ఆగుతుందా అని అడగమన్నాను. మరిచిపోతానని, '4ఎం' అని చేతి ఫోనులో వ్రాయించుకున్నాడు.