పడవల కోసం కట్టిన ఆనకట్ట

తల్లాడ సెంటర్‌లో దారులు చీలతాయి. ఒకటి సత్తుపల్లికి, ఇంకొకటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడేనికి. ఈ రెండో దారిన పోయి, భద్రాచలం వంతెన దాటి ఎడమకు తిరిగితే పర్ణశాల రోడ్డు. రాములవారి దర్శనం చేసుకుని సీతమ్మవారి పర్ణశాల చూడబోయే జనం బండ్లు దుమ్ముగూడెంలో ఆగడం తక్కువ. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడ దిగి ఏటిగట్టున నడవాలి. సముద్రం ఎక్కడో ఉన్నా, ఈ అడవి ఊరిని పెద్ద పడవల రేవుగా మార్చాలని నూట అరవై ఏళ్ల కిందట గట్టి ప్రయత్నమే జరిగింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ చూపు ఎగువ గోదావరి మీద పడింది. బేరారు నల్లరేగళ్లలో పండే పత్తిని ఎడ్లబండ్ల మీద బొంబాయికి తోలే బదులు, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో కాకినాడ తీరానికి దింపితే ఖర్చు బాగా కలిసొస్తుందన్నది ఆయన లెక్క. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు పత్తి కరువు రావడంతో ఆ లెక్కకు గిరాకీ పెరిగింది.

మొదటి అడ్డంకి నీళ్లు కాదు, రాళ్లు. మూడుచోట్ల ఏరు బండల మీదుగా పరుగెడుతుంది: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. ఒక్కోచోట ఆనకట్టతో నీటిని నిలిపి, పక్కన కాలువ తవ్వి, లాకుల ద్వారా పడవను బండలు దాటించాలి. ఈ పని భారం హెయిగ్ అనే ఇంజనీరు నెత్తికెత్తుకున్నాడు.

గట్టున నడిచేవాళ్లు తీరిగ్గా చూడాల్సింది ఈ లాకునే. ఎదురెదురుగా రెండు రాతిగోడలు, పైన ఒక తలుపు, కింద ఒక తలుపు. దిగువనుంచి వచ్చిన పడవ లోపలికి చేరగానే కింది తలుపు మూస్తారు. పైనుంచి నీళ్లు వదులుతారు. గోడల నడుమ నీటిమట్టం పెరిగేకొద్దీ సరుకుతో సహా పడవ తనంతట తానే పైకి లేస్తుంది. ఎగువ మట్టానికి సమం కాగానే పై తలుపు తీస్తారు. మోత లేదు, ఈడ్పు లేదు. కోనసీమ కాలువల మీద పెరిగినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. మన్యానికి మాత్రం కొత్త.

అప్పట్లో ఈ ఏరే సరిహద్దు కూడా. అవతలి గట్టు నిజాం ఏలుబడి. ఇవతలి గట్టు తాలూకాలు 1860 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాయి. వాటితో ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు సిరొంచ ముఖ్యపట్టణం. హెయిగ్ పూనికతోనే దుమ్ముగూడెంలో క్రైస్తవ మిషను కూడా వెలిసింది.

పథకాన్ని దెబ్బతీసినవి చాలానే ఉన్నాయి. మన్యం జ్వరాలు కూలీలను నిలవనివ్వలేదు. వానలు వెనకపట్టాక ఏట్లో ఇసుకమేటలు తేలేవి. పడవ నడిచేది ఏడాదిలో కొన్నాళ్లే. అమెరికా యుద్ధం 1865లో ముగిసి అక్కడి పత్తి మళ్లీ బజారుకొచ్చింది. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. ఏడాది పొడుగునా పరిగెత్తే రైలు ఉండగా ఏటిదారి ఎవరికి కావాలి? 1871లో పనులు ఆపేశారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. 1959లో భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసింది.

పథకం పోయినా దుమ్ముగూడెం ఆనకట్ట పోలేదు. దిగువన భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 53 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు చేరితే, 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. అంతటి వరదలూ ఈ ఆనకట్ట మీంచే పోయాయి.

ఇప్పుడు దానికి మరో పని దొరికింది. సీతారామ ఎత్తిపోతలకు నీళ్లు తీసుకునేది ఈ ఆనకట్ట ఎగువనే, అవతలి గట్టున కుమ్మరిగూడెం దగ్గర. 2016లో శంకుస్థాపన జరిగిన ఈ పథకంలో బీజీ కొత్తూరు, పూసుగూడెం, కమలాపురం పంపుహౌసులు నీటిని మెట్టుమెట్టుగా పైకి తోస్తాయి. ఏన్కూరు లింకు కాలువ ద్వారా నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గోదావరి నీళ్లు కలపాలన్నది ఆలోచన. కృష్ణలో నీళ్లు తగ్గిన ఏడు సాగర్ ఆయకట్టు రైతు పడే పాట్లు తల్లాడ, వైరా వైపు ఎవరినడిగినా చెబుతారు.

కాటన్ ఈ నీటిమీద పత్తిని సముద్రానికి దింపాలనుకున్నాడు. మన ఇంజనీర్లు ఈ నీటినే పత్తి, మిర్చి పండే చేల దగ్గరికి ఎక్కిస్తున్నారు. నాటి పని ఆగింది డబ్బు, కాలం, రైలు కలిసిరాక. నేటి పని ఫలించాలంటే పంపులొక్కటే చాలవు, పొలందాకా పిల్లకాలువలు పూర్తికావాలి. దుమ్ముగూడెం గట్టున ఒక పూట నడిచి, సగంలో ఆగిన పథకం ఎలా ఉంటుందో కళ్లారా చూస్తే ఆ పిల్లకాలువల కోసం తొందర ఎందుకో తెలుస్తుంది.