అంబాసిడర్ ఇంజన్‌లో హెడ్ గ్యాస్కెట్ పరీక్ష

హిందుస్థాన్ మోటార్స్ 1957లో తెచ్చిన అంబాసిడర్‌కు మొదట సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. 1959లో దాని స్థానంలోకి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన 1,489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది. దేశంలోని ఎన్నో టాక్సీలనూ సర్కారు కార్లనూ దశాబ్దాలపాటు నడిపింది అదే. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమువి. వాటి నడుమ రాగి, ఆస్బెస్టాస్‌లతో చేసిన గ్యాస్కెట్. 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉండి ఒకే దారిలో పొగ వదులుతాయి. వేడి ఎక్కువగా చేరే ఆ చోట గ్యాస్కెట్‌కు గండం.

గ్యాస్కెట్ పోయిందని అనుమానం రాగానే మెకానిక్ ఆయిల్ మూత తిప్పి చూసేవాడు. అడుగున పాలమీగడలాంటి తెట్టు కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లో కలిశాయని అర్థం. అయితే ఈ గుర్తును మరీ నమ్మకూడదు; కొద్ది దూరాలే తిరిగే బండిలో చెమ్మ పట్టినా అదే తెట్టు వస్తుంది. అంతకంటే గట్టి పరీక్ష రేడియేటర్‌ది. ఇంజన్ చల్లగా ఉండగా ఫ్యాన్ బెల్టు తీసి, మూత తెరిచి స్టార్ట్ చేస్తే, గ్యాస్కెట్ పోయిన బండిలో నీళ్లు కాగకముందే బుడగలు పొంగాలి. గ్యాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య మాత్రమే తెగితే బుడగలూ ఉండవు, నీళ్లు ఆవిరై వచ్చే తెల్లపొగా రాదు. బండి లాగదు, అంతే. అప్పుడు ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి చూడాలి: 2, 3 తీసినా ఇంజన్ చప్పుడు మారకపోతే అనుమానం అక్కడే. కంప్రెషన్ గేజ్ ఆ రెండింటిలోనూ తక్కువ చూపితే హెడ్డు విప్పాల్సిందే. హెడ్డు పగిలినా బుడగలు వస్తాయి కనుక, విప్పాక పగుళ్లు వెతికి, ఉక్కు బద్ద ఆనించి వంపు చూస్తారు.