ధర్మాసుపత్రి నుంచి వైద్య విధాన పరిషత్తు దాకా: ఆమడగూరు ప్రాంత వైద్యశాలల పాలనా చరిత్ర

ఉపోద్ఘాతం

ప్రభుత్వ వైద్యశాలను తెలుగు పల్లెలు చాలాకాలం ‘ధర్మాసుపత్రి’ అన్నాయి. ‘ఆసుపత్రి’ ఐరోపా భాషల నుంచి వచ్చి తెలుగు ఉచ్చారణకు ఒదిగిన మాట. దానికి ముందు చేరిన ‘ధర్మ’ శబ్దం ఉచిత వైద్యాన్ని సత్రాలు, చలివేంద్రాల సరసన నిలిపింది. అయితే చిన్న ఊళ్ల వైద్యశాలల్లో అనేకం దాతల దయతో కాక ప్రజలు కట్టిన పన్నుతో నడిచాయి. ఈ పేరుకూ ఆ వాస్తవానికీ మధ్య ఉన్న అంతరాన్ని ఆమడగూరు ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

స్థానిక బోర్డుల కాలం

మద్రాసు రాష్ట్రంలో 1871 నాటి స్థానిక నిధుల చట్టం రోడ్లు, బడులతో పాటు వైద్యశాలలనూ స్థానిక నిధి కిందికి తెచ్చింది. 1884 చట్టంతో జిల్లా, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. భూమిశిస్తుతో పాటు రైతు చెల్లించిన సెస్సు వీటికి ముఖ్యమైన ఆదాయం. ఆమడగూరు అప్పుడు కదిరి తాలూకాలోని ఊరు. 1910లో ఆ తాలూకా కడప జిల్లా నుంచి అనంతపురం జిల్లాకు మారింది. 1924లో ప్రభుత్వం పల్లెల్లో స్థిరపడే వైద్యులకు సహాయధనం ఇచ్చే పథకాన్ని ప్రారంభించినప్పుడు కూడా దాని నిర్వహణలో బోర్డులకు పాత్ర ఉంది. మందులు లేవనో, వైద్యుడు రాలేదనో అడగదలచినవారికి తాలూకా కేంద్రంలోనే ఒక వేదిక ఉండేది. అయితే పరిమితమైన ఓటుహక్కు వల్ల ఆ వేదిక అందరిదీ కాలేదు.

పైకి జరిగిన అధికారం

1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. జిల్లా కేంద్రాల ఆసుపత్రులతో మొదలై తాలూకా కేంద్రాల ఆసుపత్రులు క్రమంగా ప్రభుత్వాధీనమయ్యాయి. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక, 1952లో మొదలైన సమాజ వికాస పథకం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు దారి వేశాయి. 1959 చట్టంతో జిల్లా బోర్డుల స్థానంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి.

నిర్ణయాత్మకమైన మార్పు 1986లో శాసనసభ చేసిన ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తు చట్టం. 1987 మార్చి 1 నుంచి జిల్లా, తాలూకా స్థాయి ఆసుపత్రులు ఈ స్వయంప్రతిపత్తి గల సంస్థ కిందికి వెళ్లాయి. హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ ఆసుపత్రులు ఈ వ్యవస్థలో ఉండేవి. మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మాత్రం ప్రజారోగ్య శాఖలోనే ఉండిపోయాయి. 2000లో అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడడంతో అక్కడి పెద్దాసుపత్రి వైద్యవిద్యా శాఖ పరిధిలోని బోధనాసుపత్రి అయింది.

ఫలితాలు

విలీనం వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. 1994లో ప్రపంచబ్యాంకు ఆమోదం పొంది 2002 దాకా సాగిన పథకం పరిషత్తు ఆసుపత్రుల భవనాలను, పడకలను, పరికరాలను మెరుగుపరచింది. సెస్సు ఆదాయంపై ఆధారపడిన తాలూకా బోర్డుకు అది శక్తికి మించిన పని. మరోవైపు, ఆమడగూరు రోగి ప్రాథమిక కేంద్రం నుంచి కదిరికి, అక్కడి నుంచి అనంతపురానికి వెళితే మూడు శాఖల గడపలు దాటుతాడు. ‘పెద్దాసుపత్రికి రాసినారు’ అనే మాటలో ఈ ప్రయాణమంతా ఇమిడి ఉంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక అదే దారిలో జిల్లా సరిహద్దు కూడా చేరింది.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలిదశలో అమలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. దీనితో నిధుల మార్గం మారింది. ప్రభుత్వ ధనంలో ఒక భాగం ఆసుపత్రికి కేటాయింపుగా కాక రోగికి జరిగిన చికిత్స లెక్కన చేరసాగింది. ప్రైవేటు ఆసుపత్రులూ అందులో భాగస్వాములయ్యాయి.

ముగింపు

ఒక శతాబ్దానికి పైగా సాగిన ఈ పరిణామంలో వైద్యం విస్తరించింది. దాన్ని ప్రశ్నించే చోటు మాత్రం ఊరికి దూరమైంది. ఈ రెండో మార్పు అంతగా చర్చకు రాకపోవడానికి పాలనా కారణాలతో పాటు భాషాపరమైన కారణాన్నీ ఊహించవచ్చు. ధర్మంగా అందినదాన్ని లెక్క అడగడం మర్యాద కాదన్న భావన ‘ధర్మాసుపత్రి’ అన్న పేరులోనే ఉంది. పన్ను కట్టినవాడు తన ఆసుపత్రిలో తానే యాచకుడిగా నిలబడ్డాడు. కనుక ఈ పదాన్ని నిఘంటువులో ‘ఉచిత వైద్యశాల’ అన్న అర్థంతో సరిపెట్టడం చాలదు. హక్కు దయగా పేరు మార్చుకున్న చరిత్రకు అది ఆధారం కూడా.