ఏం చదువుతావు కన్నా ముందు

మొన్న వేసవిలో మదీనాగూడలో అన్నావాళ్లింటికి వెళ్తే, ఇంటర్ అయిన మేనకోడలు దోస్త్ దరఖాస్తు ముందు కూర్చుని ఉంది. కోఠీ మహిళా కళాశాలలో (2022 నుంచి అది విశ్వవిద్యాలయం) చరిత్ర చదవాలని దాని కోరిక. చరిత్ర ఎందుకని అన్న అడగలేదు. "రోజూ అంత దూరం ఎట్ల పోయొస్తది?" అన్నాడు.

పాత ప్రశ్నే. దుర్గాబాయి, అప్పటికింకా దేశ్‌ముఖ్ కాలేదు, 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదవబోతే, ఆడపిల్లలకు హాస్టలు లేదని వైస్ ఛాన్సలర్ సి.ఆర్.రెడ్డి వెనకాడారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చిన మనిషికి అడ్డుపడింది ఉండడానికో చోటు! ఆమె పత్రికల్లో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలనుకునే ఆడవాళ్లను పోగుచేసి హాస్టలు పెట్టించుకుంది. మన చదువుల చరిత్రల్లో పట్టాల లెక్కే గాని ఈ బసల లెక్క ఉండదు.

హైదరాబాదులో దీనికి తోడు భాష. 1918లో పుట్టిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో. 1924లో మొదలైన మహిళా కళాశాలలో తెలుగింటి పిల్ల పాఠం కన్నా ముందు పాఠం చెప్పే భాషను దాటాలి. ఆ కళాశాల కోఠీ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది 1949లో.

నేను గచ్చిబౌలిలో తెలుగు ఎమ్మే చేరింది సాహిత్యం మీది ఇష్టంతోనే అంటాను. ఇంటికి దగ్గరన్న సంగతి ఎవరికీ చెప్పను.

మియాపూర్‌లో మెట్రో ఎక్కితే మధ్యలో రైలు మారకుండా కోఠీ దగ్గర దిగొచ్చని అన్నకు చెప్పాను.

"మరి చీకటి పడితే?" అన్నాడు.

పిల్ల అప్పటికే మొదటి ఆప్షన్‌గా కోఠీ పెట్టేసింది.